చప్పుడు లేని కంప్యూటర్ అడగడం నేరమా?

నేను అడిగింది ఒక్కటే. రాత్రి పక్కగదిలో పిల్లలు నిద్రపోతుంటే లెక్కలు రాసుకోవడానికి మోత పెట్టని కంప్యూటర్. ఖర్చు 35,000 దాటకూడదు. విజయనగరం గంటస్తంభం చుట్టుపక్కల మూడు దుకాణాలు తిరిగాను. మూడు చోట్లా అదే ప్రశ్న: "గేములు ఆడతారా సార్?"

ఆడను బాబూ! అయినా వినరు. అద్దాల పెట్టె తెస్తారు, ఆరు ఫ్యాన్లు, ఆరింటికీ రంగురంగుల దీపాలు. ఇది కంప్యూటరా, సిరిమానోత్సవానికి కట్టిన తోరణమా?

తెర మీద బొమ్మ చూపించే గ్రాఫిక్స్ ప్రాసెసర్‌లోనే ఉన్నప్పుడు నాకు వేరే గ్రాఫిక్స్ కార్డు ఎందుకు? దానికో ఫ్యాను, దానికో గోల! 120 మిల్లీమీటర్ల ఫ్యాను నిదానంగా తిరుగుతూ పంపే గాలిని 80 మిల్లీమీటర్లది పంపాలంటే గిరగిరా అరుస్తూ తిరగాలి. ఇది చెబితే నన్ను వింతగా చూశారు. ఫైళ్లు దాచుకోవడానికి, తిరిగే భాగమే లేని ఎస్‌ఎస్‌డీ అడిగితే, "హార్డ్‌డిస్క్ అయితే ఎక్కువ పడుతుంది సార్" అట. ఏం పడుతుంది, నా నిద్రా?

ఇక పవర్ సప్లై. అన్నిటికీ కరెంటు అందించేది అదే. దాని పేరు అడిగితే "పెట్టెతోపాటే ఉచితంగా వస్తుంది, ఏదో ఒకటిలెండి" అన్నారు. ఏదో ఒకటా? కరెంటు పోయి వచ్చినప్పుడల్లా గుండె గుభేలుమనే ఇంట్లో ఏదో ఒకటా?

చివరికి చీటీ మీద రాసిచ్చారు: "బోర్డు 1, ర్యామ్ 1, ఫ్యాన్లు 6." మోడల్ పేరు ఒక్కటీ లేదు. బిల్లు అడిగితే 18 శాతం జీఎస్టీ అదనమట. బిల్లు లేకపోతే వారంటీ ఎలా అన్నాను.

"మేం ఇక్కడే ఉంటాం కదా సార్!"