సవరణ: గ్యారేజీ తలుపు స్ప్రింగు గురించి

గ్యారేజీ తలుపు స్ప్రింగులపై మొన్న నేను రాసిన దానిలో రెండు తప్పులు దొర్లాయి. మన్నించండి.

మొదటిది ప్రమాదకరమైనది. తలుపు బరువెక్కితే పైనున్న స్ప్రింగును ఇంట్లోనే బిగించుకోవచ్చని రాశాను. దయచేసి ఎవరూ ఆ పని చేయకండి. తలుపు బరువును నిజంగా మోసేది మోటారు కాదు, మెలితిప్పి బిగించిన ఆ స్ప్రింగే. తలుపు మూసి ఉన్నప్పుడే దానిలో బిగువు అత్యధికంగా ఉంటుంది. బిగించే కడ్డీ చేయి జారితే ఎముకలు విరుగుతాయి. చుట్టల మధ్య ఒకచోట వెడల్పుగా ఎడం కనిపించిందంటే స్ప్రింగు విరిగినట్టే. మెకానిక్కు వచ్చేవరకు తలుపు ఎత్తవద్దు, మోటారు నొక్కవద్దు.

రెండోది లెక్క. సాధారణ స్ప్రింగు తలుపును 10,000 సార్లు తెరిచి మూసేంత వరకు తట్టుకుంటుంది, దాన్ని 27 ఏళ్లుగా చెప్పాను. అది రోజుకు ఒక్కసారి తెరిచి మూసే ఇంటి మాట. నాలుగుసార్లయితే 7 ఏళ్లు కూడా నిండవు. పైగా మన కోనసీమలో తేమ, తీరం దగ్గరైతే ఉప్పుగాలి. నిన్న మా స్ప్రింగు తుడిస్తే తెల్లగుడ్డ ఇటుకరంగుకు తిరిగింది! వానాకాలానికి ముందూ తరువాతా తుడిచి, పలుచగా నూనె పట్టించండి. పక్క పట్టాలకు మాత్రం గ్రీజు వద్దు, దుమ్మూ ఇసుకా అంటుకుంటాయి.