కాదనేవాడు కావలెను

నా సిబిల్ స్కోరు 812. గొప్ప కోసం చెప్పడం లేదు, వాంగ్మూలంగా చెబుతున్నాను. అప్పులు ఎంత బుద్ధిగా తీర్చామో చూసి వేసే ఈ స్కోరు 300 దగ్గర మొదలై 900 దగ్గర ఆగుతుంది. 750 దాటినవాడు బుద్ధిమంతుడని లెక్క. తెల్ల పేపరు ఇచ్చినవాడికి కూడా 300 వేసే పరీక్షను నా సర్వీసులో ఎక్కడా చూడలేదు. అయినా హైస్కూళ్ళలో లెక్కలు చెప్పి రిటైరైనవాణ్ణి కాబట్టి రెండు రకాలుగానూ కట్టి చూశాను. సున్నా నుంచి లెక్కేస్తే తొంభై శాతం, మూడొందల నుంచి లెక్కేస్తే ఎనభై అయిదు. ఎలా చూసినా ఫస్ట్ క్లాసే. ఇన్ని మార్కులొచ్చిన మనిషికి విజయనగరంలో ఒక సెల్‌ఫోను వాయిదాల మీద పుట్టలేదు.

ఈ స్కోరు ఊరికే రాలేదు. ఇల్లు కట్టుకున్న అప్పు, అబ్బాయి ఇంజినీరింగు అప్పు, అంతకుముందు స్కూటరు అప్పు, అన్నీ ఒక్క వాయిదా తప్పకుండా కట్టాను. నాకు రావలసిన బకాయిలు రాకపోయినా నేను కట్టవలసినవి ఆగలేదు. (నాకు ఇవ్వవలసినవాళ్ళకి సిబిల్ స్కోరు ఉండదు. వాళ్ళ అదృష్టం.) అంత కష్టపడి సంపాదించిన స్కోరును, పెట్టెలో దాచిన పట్టుపంచెలా ఎన్నాళ్ళని మడతపెట్టి ఉంచుతాం, ఒకసారి కట్టి చూద్దాం అనిపించింది. పాత ఫోను కూడా అందుకు సహకరించింది. పెన్షనర్లం బతికే ఉన్నామని రుజువు చేసుకునే జీవన్ ప్రమాణ్ యాప్ తెరిస్తే చాలు, నేను బతికి ఉన్నానో లేదో తేలకముందే అది చచ్చిపోతోంది.

గంటస్తంభం దగ్గర ఒక ఫోన్ల దుకాణానికి వెళ్ళాను. ఇరవై రెండు వేల రూపాయల ఫోను, పన్నెండు నెలల వాయిదాలు, 'నో కాస్ట్ ఈఎంఐ' అని నా ఎత్తు బోర్డు. అసలు సున్నా శాతం వడ్డీ అనేదే లేదని రిజర్వు బ్యాంకు 2013లోనే బ్యాంకులకి చెప్పింది. అయినా బోర్డులు చదివినంత శ్రద్ధగా రిజర్వు బ్యాంకు సర్క్యులర్లు చదివేదెవరు? నేనూ బోర్డునే నమ్మాను.

దుకాణంలో ఓ మూల అద్దాల బీరువాకి ఆనించి చిన్న బల్ల ఉంది. దాని వెనక మెడలో కార్డు వేలాడేసుకున్న ఫైనాన్స్ గుంటడు. చేతిలో టాబ్. పాన్ నంబరు అడిగాడు, చెప్పాను. ఆధార్ అడిగాడు, ఇచ్చాను. ఓటీపీ చెప్పమన్నాడు, చెప్పాను. ఇంకోటి వస్తుందన్నాడు, వచ్చింది. ఎవరికీ చెప్పొద్దని ఆ మెసేజీలోనే రాసి ఉంది, అదీ చదివి వినిపించాను. తర్వాత నన్ను తెల్ల గోడ ముందు నిలబెట్టి టాబ్ నా ముఖానికి ఎదురుగా పట్టాడు. "కళ్ళు ఆర్పండి సార్." ఆర్పాను. "తల ఎడమకి తిప్పండి." తిప్పాను. అక్కడ ఛార్జర్లు కొనుక్కోవడానికి వచ్చిన ఇద్దరు ఆడవాళ్ళు నా వైపు జాలిగా చూశారు. నాకు మాత్రం బెరుకు లేదు. ఏటా ప్రభుత్వం ముందు ఇలాగే కళ్ళార్పి ప్రాణం ఉందని రుజువు చేసుకుంటున్నవాణ్ణి.

టాబ్ మీద ఒక గుండ్రటి గీత తిరిగింది, తిరిగింది, ఆగింది.

"అప్రూవ్ అవ్వలేదు సార్."

"ఎందుకు బాబూ?"

"సిస్టం తీసుకోట్లేదండి."

"సిస్టంకి ఏమైంది?"

"సిస్టంకేటవలేదండి. మీకే."

నాకేమైందో మాత్రం వాడికి తెలీదు. వాడి మీద కోపం లేదు. పాపం, వాడి కమీషన్ కూడా నా అప్పుతో పాటే పోయింది. అదే పూట నా పక్క కుర్చీలో కూర్చున్న కుర్రాడికి టీ చల్లారేలోగా అప్రూవల్ వచ్చేసింది. వాడికి ఇదివరకే రెండు ఫోన్లు, ఒక బండి వాయిదాల మీద ఉన్నాయట, ఒకటి బౌన్స్ కూడా అయ్యిందట. "సిస్టంకి నేను అలవాటే మాస్టారూ" అన్నాడు వినయంగా.

ఇంకో కంపెనీలో వేద్దామన్నాడు ఫైనాన్స్ గుంటడు. మళ్ళీ కళ్ళు ఆర్పాను. మళ్ళీ కాదంది. ఇంటికొచ్చి విచారిస్తే తెలిసిందేమిటంటే, అప్పు కోసం దరఖాస్తు పెట్టిన ప్రతిసారీ మన అప్పుల చిట్టా రాసిన సిబిల్ రిపోర్టులో 'ఎంక్వైరీ' అని ఒక గీత పడుతుంది. అలాంటివి దగ్గరదగ్గరగా పడితే, వీడెవడో డబ్బుకి కటకటలాడుతున్నాడని స్కోరు తగ్గుతుంది. ఇవ్వకపోవడం వాళ్ళ ఇష్టం, అడిగినందుకు జరిమానా మనకి. వాళ్ళు కాదన్నందుకు ఇంకొకరిని అడిగితే మరో గీత. ఎవరినీ ఏమీ అడగకుండా ఉంటేనే నా పరువు నిలుస్తుందట. అలా నిలిచిన పరువును చూపించి ఏం అడగాలో ఆ పద్ధతి పెట్టినవాళ్ళే చెప్పాలి.

అడగకుండా బతికినవాడి సంగతి ఇంకా దారుణం. శ్రీకాకుళంలో ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర మా బావమరిదికి బట్టల కొట్టుంది. జన్మలో అప్పు చెయ్యలేదు. చేసినవాళ్ళని చూస్తే దారి మార్చుకుంటాడు. పట్టుదలకి పోయి అతని స్కోరూ తీయించాం. మైనస్ ఒకటి వచ్చింది. అప్పుల చరిత్ర లేనివాళ్ళకి అంతేనట. ఏమీ లేనిచోట సున్నా ఉంటుందని బ్రహ్మగుప్తుడు 628లోనే సూత్రాలు రాసి పెట్టాడు, నేనూ కొన్ని వందల మంది పిల్లలకి అదే చెప్పాను. ఇప్పుడు వాళ్ళందరికీ కబురు పెట్టాలి. ఏ పాపం ఎరగనివాడు సున్నా కంటే ఒక మెట్టు కిందుంటాడు. చరిత్ర లేదన్న ఒక్క కారణంతో మొదటిసారి వచ్చినవాణ్ణి తిప్పి పంపకూడదని ఆర్థిక శాఖ 2025లో పార్లమెంటులో చెప్పింది గదా అని మా బావమరిదికి ధైర్యం చెప్పబోయాను. "అయితే ఇంకో కారణంతో తిప్పుతారు, నీకు లాగ" అన్నాడు.

నా కారణం కోసం వెతుకుతూనే ఉన్నాను. ఫైనాన్స్ గుంటడు నేను బయటికొస్తుంటే గొంతు తగ్గించి ఒక ముక్క అన్నాడు. "కొన్ని పిన్‌కోడ్లు సిస్టం తీసుకోదండి." ఆ మాట పట్టుకుని చరిత్ర తిరగేశాను. నిజమే, మా ఊరికి బాకీల చరిత్ర లేకపోలేదు. పేష్కషు, అంటే కంపెనీకి కట్టే కప్పం, బకాయి పడిందన్న పేచీతో ఈస్టిండియా కంపెనీ మా చిన విజయరామరాజు గారిని సంస్థానం వదిలి బందరు వెళ్ళి పింఛను పుచ్చుకుని కూర్చోమంది. ఆయన వెళ్ళలేదు. పద్మనాభంలో విడిది చేశారు. 1794 జూలై 10న కల్నల్ ప్రెండర్‌గాస్ట్ సిపాయిలతో వచ్చిపడ్డాడు. రాజుగారు వెనక్కి తగ్గక అక్కడే నేలకొరిగారు. రికవరీ ఏజెంట్లు ఫోన్లో తిడుతున్నారని ఇవాళ మనం ఫిర్యాదు చేస్తున్నాం గానీ, వాళ్ళ పెద్దలు ఫిరంగులతో వచ్చేవారు. ఆ తర్వాత నారాయణ గజపతి గారి కాలంలో అప్పులు తీరేదాకా సంస్థానం కంపెనీ కలెక్టరు పెత్తనం కిందికి పోయింది, రాజావారు కాశీలో ఉండిపోయారు.

ఇదంతా మా రిపోర్టులో ఉండి ఉంటుందని నా గట్టి నమ్మకం. ఆ కంపెనీ మూతపడి నూట యాభై ఏళ్ళయింది కదా అంటారేమో. కంపెనీ పోతుంది గానీ డేటా ఎక్కడికి పోతుంది? నేను నిన్న నా నంబరు ఇచ్చింది చెప్పుల దుకాణంలో, ఇవాళ ఫోన్ చేసింది ప్లాట్లు అమ్మేవాళ్ళు.

రిపోర్టులో నిజంగానే పద్మనాభ యుద్ధం ఉందేమో చూద్దామని తెప్పించాను. దేశంలో ఇలాంటి లెక్కలు రాసే కంపెనీలు నాలుగున్నాయి, ఏడాదికోసారి ఒక్కొక్కటీ మనకి పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి. మొదటి పేజీ నుంచి చివరిదాకా ఎర్ర పెన్ను పట్టుకుని దిద్దాను. ఒక్క తప్పు లేదు. అదే నా కొంప ముంచింది. రిపోర్టులో తప్పుంటే సరిచెయ్యమని ఫిర్యాదు పెట్టొచ్చు. ముప్పై రోజుల్లో తేల్చకపోతే ఆపైన రోజుకి వంద రూపాయల చొప్పున పరిహారం ఇవ్వాలని రిజర్వు బ్యాంకు 2023లో ఆదేశించింది. ఎవరైనా పుణ్యాత్ముడు నా పేరు మీద ఒక దొంగ అప్పు రాసి ఉంటే, ఆ గడువు దాటాక రెండు వందల ఇరవై రోజులు వాళ్ళు నిద్రపోతే, వాయిదాలతో పని లేకుండా ఫోను నా చేతిలో ఉండేది.

మా నాన్నగారు అప్పు కోసం కొత్తపేట షావుకారు దగ్గరికి వెళ్తే చిన్నప్పుడు నేనూ వెంట వెళ్ళేవాణ్ణి. అతను ఇచ్చేవాడని కాదు. సగం సార్లు ఇచ్చేవాడు కాదు. కానీ ఆ కాదనడంలో ఒక మర్యాద ఉండేది. ముందు కూర్చోమనేవాడు. మజ్జిగ ఇప్పించేవాడు. పంట అడిగేవాడు, పిల్లల చదువులు అడిగేవాడు. ఆ తర్వాత కళ్ళజోడు తీసి పంచె అంచుతో తుడుచుకుంటూ, "మీరు మంచోరే మాస్టారూ, మీ తమ్ముడుగోరు చీటీ పాడుకుని ఊరు దాటేశారు, ఆ సంగతి తేలేదాకా మీ ఇంటికి నేనివ్వలేను" అనేవాడు. మా నాన్నగారికి తల కొట్టేసినట్టుండేది. ఇంటికొచ్చి బాబాయిని నాలుగు తిట్టేవారు. ఎవరిని తిట్టాలో తెలిసేది. మర్నాడు సంతలో అదే షావుకారు ఎదురుపడితే ముందుగా అతనే చూపు తిప్పుకునేవాడు. లేదన్నవాడికీ కాస్త బరువు ఉండేది.

ఇప్పుడు ఎవరిని చూసి చూపు తిప్పుకోవాలి? ఫైనాన్స్ గుంటడు తను కాదనలేదు, సిస్టం అంది. కస్టమర్ కేర్ అమ్మాయి తను కాదనలేదు, 'ఇంటర్నల్ పాలసీ' అంది. ఆ పాలసీ ఏమిటో చెప్పమంటే, చెప్పకూడదన్నదే పాలసీ అంది. అప్పు నిరాకరిస్తే ముఖ్యమైన కారణాన్ని రాతపూర్వకంగా తెలియజెయ్యాలని రిజర్వు బ్యాంకు 2007లో బ్యాంకులకి చెప్పింది. రాతపూర్వకంగా నాకు వచ్చింది ఒకే ఒక్క మెసేజీ. మీ దరఖాస్తును ప్రస్తుతం ఆమోదించలేకపోతున్నాము, మాతో ప్రయాణించినందుకు ధన్యవాదములు. ఎక్కడికి ప్రయాణించానో అర్థం కాలేదు.

ఆ మెసేజీ వచ్చిన వారంలోనే 140తో మొదలయ్యే నంబరు నుంచి ఫోను. అదే కంపెనీ. "సార్, మీ ఎక్సలెంట్ క్రెడిట్ హిస్టరీ చూసి మీకు ఐదు లక్షల పర్సనల్ లోన్ ప్రీ అప్రూవ్ చేశాం."

"అమ్మా, ఇరవై రెండు వేల ఫోను ఇవ్వనన్నది మీరే కదా?"

"అది వేరే డిపార్ట్‌మెంట్ సార్. ఐదు లక్షలు కావాలంటే ఓటీపీ చెప్పండి."

ఐదు లక్షలకి పనికొచ్చి ఇరవై రెండు వేలకి పనికిరాని మనిషిని లెక్కల్లో ఎలా చూపించాలో నాకు తెలీదు. నేను చెప్పిన ఏ లెక్కల పాఠంలోనూ ఇది లేదు.

అందుచేత ప్రభుత్వానికి నా మనవి. జిల్లాకొకరు చొప్పున తిరస్కరణాధికారి అనే పోస్టు మంజూరు చెయ్యాలి. ఆయన ఎవరికీ అప్పు ఇప్పించనక్కర్లేదు, ఎవరి స్కోరూ పెంచనక్కర్లేదు. ఫైనాన్స్ కంపెనీలు కాదన్నవాళ్ళందరికీ వాళ్ళ తరఫున ముఖాముఖి కాదని చెబితే చాలు. సోమవారం కలెక్టరేట్లో అర్జీలు తీసుకునే చోటే ఒక బల్ల, ఎదురుగా ఒక కుర్చీ, ఆ కుర్చీకి నాలుగు కాళ్ళూ ఉండాలి. మజ్జిగకి బడ్జెట్ ఉండాలి. అభ్యర్థి ఈ ప్రాంతం వాడై ఉండాలి, జీవితంలో ఒక్కసారైనా కిరాణా కొట్లో ఖాతా పెట్టి ఉండాలి. సిస్టం అన్న మాట నోట వచ్చిందా, ఇంక్రిమెంటు కట్.

ఆయన నన్ను కూర్చోబెట్టి, కాయితం ఇటూ అటూ తిప్పి, "ఏటి మాస్టారూ, అరవై దాటిపోనాది, వాయిదాలు తీరేదాక ఉంటారో ఉండరో అని వాళ్ళ భయం" అని ముఖం మీద చెబితే నాకు ఎంత హాయి! అప్పుడు నేను సంచీలోంచి నా లైఫ్ సర్టిఫికెట్ తీసి బల్ల మీద పరుస్తాను. ఆయన ఇది నిరుడు సంగతి కదా అంటాడు. నేను గొంతు పెంచుతాను. వెనక లైన్లో ఉన్నవాళ్ళు నా పక్షం వహిస్తారు. అవతల ఒక మనిషి ఉంటే ఎన్ని పనులు జరుగుతాయో చూడండి.

ఇక ఆ అధికారికే ఫోను కావలసి వస్తే ఎలా అని ఆర్థిక శాఖ కొర్రీ వేస్తుంది, నాకు తెలుసు. తన దరఖాస్తు తానే తిరస్కరించుకోవడం రూల్సుకి విరుద్ధం. విజయనగరం అధికారిని శ్రీకాకుళం అధికారి, శ్రీకాకుళం అధికారిని విజయనగరం అధికారి పరస్పరం తిరస్కరించుకోవాలి, బస్సు ఛార్జీలు టీఏ కింద ఇవ్వాలి. పార్వతీపురం మన్యం జిల్లాలో కొండ మీది ఊళ్ళకి ముందు టవర్లు రావాలి కాబట్టి, అక్కడి పోస్టు ప్రస్తుతానికి ఖాళీగా ఉంచవచ్చు.