తుమ్ము వినపడకుండా

సంగీతానికి అర్థమేమిటన్న ప్రశ్న యూరప్‌లో చాలామందికి నిద్ర లేకుండా చేసింది. జగత్తును నడిపే ఇచ్ఛకే అది ప్రతిరూపం అన్నాడు జర్మన్ తత్వవేత్త షోపెన్‌హావర్. అదేం కాదు, కదిలే స్వరరూపాలే దాని సారం అని 1854లో సంగీత విమర్శకుడు హాన్‌స్లిక్ కొట్టిపారేశాడు. పాపం, ఇద్దరిలో ఒక్కరైనా మా బరంపురంలో ఒక తెలుగు పెళ్లికి వచ్చి ఉంటే ఇంత కాగితం ఖర్చయ్యేది కాదు.

మా పురోహితుడుగారికి ఈ విషయంలో సందేహమే లేదు. తాళి కట్టే వేళ కుడి చెయ్యెత్తి, చూపుడు వేలు గిర్రున తిప్పి ‘గట్టిమేళం!’ అంటారు. అప్పటిదాకా కునుకుతున్న సన్నాయి ఉలిక్కిపడుతుంది. డోలాయన బాకీ ఎగ్గొట్టినవాడి వీపు దొరికినట్టు బాదుతాడు. రాగం కోసం కాదు, రసం కోసం కాదు. ఆ క్షణాన ఎవరైనా తుమ్మితే వినపడకూడదని! సంగీత ప్రయోజనం మీద ఇంత స్పష్టమైన సిద్ధాంతం నాకు మరెక్కడా దొరకలేదు.

1936లో మా గంజాం జిల్లా ఒడిశాలో కలిసి మనకేం ఒరిగిందని మా పెద్దవాళ్లు గొణుగుతుంటారు. హుళహుళి ఒరిగింది. పక్కింటి ఒడియా ఆడవాళ్లు నాలుక ఆడిస్తూ ఆ కూత అందుకుంటే తుమ్మేమిటి, లారీ హారన్ కూడా వినపడదు. స్వరమూ తాళమూ లేని అది సంగీతమేనా అని అడిగాను. ‘శుభం కదా’ అన్నారు. హాన్‌స్లిక్ అయినా నోరు మూసుకోవాల్సిందే.

ఇక అమెరికా స్వరకర్త జాన్ కేజ్. 1952లో అమెరికాలోని వుడ్‌స్టాక్‌లో ఆయన కృతిని డేవిడ్ ట్యూడర్ ‘వాయించాడు’. పియానో ముందు 4 నిమిషాల 33 సెకన్లు కూర్చుని ఒక్క మెట్టూ నొక్కలేదు. ఆ మౌనంలో వినపడిన గాలి, వాన చినుకులు, జనం గొణుగుడు, అంతా సంగీతమేనట. అంటే తుమ్ములకు తలుపులు బార్లా తెరిచాడన్నమాట. మనిషి గొప్పవాడే, పెళ్లిమేళానికి మాత్రం పనికిరాడు.

మొన్న మా మేనకోడలి పెళ్లిలో సరిగ్గా వేలు తిరిగేసరికి, ఇచ్ఛాపురం నుంచి వచ్చిన సన్నాయాయన ఫోనెత్తాడు. ఆయన కోసం డోలాయన ఆగాడు. మేళం కోసం ఆడవాళ్లు ఆగారు. మూడంటే మూడు సెకన్లు, కేజ్ లెక్కలో 91వ వంతు. వెనక వంటశాలలో గరిటె గంగాళానికి తగిలిన చప్పుడు వినపడింది. ఎవరి పట్టుచీరో గరగరలాడింది. పెళ్లికొడుకు పెదనాన్నగారు తుమ్మారు.

పురోహితుడుగారి వేలు గాల్లోనే ఉండిపోయింది. నేను సర్దిచెప్పబోయాను. “అక్కా, టెన్షన్ పడకు. ఇది కూడా సంగీతమేనని 1952లోనే...”

“ముందు ఆయనకి మంచినీళ్లివ్వరా” అంది అక్క.