ఆర్వీ అంటే సగం ఇల్లు, దానికి కారు ఇన్సూరెన్స్ చాలదు

మొన్న రాత్రి నాతో పనిచేసే తమ్ముడొకడు ఫోన్ చేశాడు. "అన్నా, ఆర్వీ కొంటున్నా, ఎల్లుండి డీలర్ దగ్గర సంతకాలు, ఇన్సూరెన్స్ ఎక్కడ చీప్‌గా వస్తుందో చెప్పవా" అని. ఆర్వీ అంటే పడకలు, వంటిల్లు, బాత్రూం అన్నీ లోపలే ఉండే బండి. వాడిది 28 అడుగుల క్లాస్ సి, అంటే వ్యాన్ ముందుభాగం వెనక ఇల్లు కట్టినట్టుండే మోటర్‌హోమ్, పదిహేనేళ్ళ లోను. అంత డబ్బు పెట్టి కొంటూ ఇన్సూరెన్స్ గురించి వాడు అడిగింది ఆ ఒక్క ముక్కే. వాడిని తప్పు పట్టను, మూడేళ్ళ కింద నేనూ అదే అడిగా, దానికి నాకు పడిన దెబ్బ తొమ్మిది వేల డాలర్లు. కాస్త పొడుగ్గానే రాస్తున్నా, ఇక్కడ అమెరికాలో ఆర్వీ కొనే ఆలోచన ఉన్నవాళ్ళు, కనీసం సమ్మర్ సెలవుల్లో ఎల్లోస్టోన్‌కి అద్దెకి తీసుకుందాం అనుకుంటున్నవాళ్ళు ఓపిగ్గా చదవండి.

ముందు మా సంగతి. మేం సెకండ్ హ్యాండ్ బండి కొన్నాం. కారు ఇన్సూరెన్స్ ఉన్న కంపెనీకే ఫోన్ చేసి ఇది కూడా కలిపేయండి అన్నా. విలువ ఎంత అని అడిగారు, కొన్న రేటే చెప్పా, 68,000. పాలసీ కాగితంలో కూడా 68,000 అనే పడింది. అది చూసి, బండికేమన్నా అయితే ఆ డబ్బులొస్తాయి అనుకున్నా, ఎవరైనా అలాగే అనుకుంటారు కదా. రెండేళ్ళకి ఒక క్యాంప్‌గ్రౌండ్‌లో సాయంత్రం పూట ఫ్రిజ్ వెనకనుంచి మంటలు లేచాయి. చాలా ఆర్వీల్లో ఫ్రిజ్ ప్రొపేన్ మంట మీద నడుస్తుంది, వెనక ట్యూబుల్లో అమోనియా, హైడ్రోజన్ ఉంటాయి, ట్యూబు పగులు ఇస్తే ఇక అంతే. అదృష్టం బాగుండి అందరం బయటే కూర్చుని ఉన్నాం. ఫైరింజన్ వచ్చేలోపే ఆ పక్క గోడ మొత్తం పోయింది, పైన ఏసీ డబ్బా కప్పులోంచి కూలి మంచం మీద పడింది, స్కైలైట్ ప్లాస్టిక్ కరిగి మెట్ల మీద చుక్కలు చుక్కలుగా గడ్డకట్టింది. మా పాప బ్యాగు బయట కుర్చీకి తగిలించి ఉండబట్టి అదొక్కటే మిగిలింది.

టోటల్ లాస్ అన్నారు, సరే. అడ్జస్టర్, అంటే నష్టం లెక్కగట్టే కంపెనీ మనిషి, వేసిన లెక్క 51,000. అదేంటండీ కాగితంలో 68,000 ఉంది కదా అంటే, "మీది స్టేటెడ్ అమౌంట్ అండి, ఆ అంకె, ఆ రోజు మార్కెట్ విలువ, రెండిట్లో ఏది తక్కువైతే అది ఇస్తాం" అన్నాడు. డిడక్టిబుల్ (మనం భరించాల్సిన వాటా) 1,000 పోగా 50,000. లోను బాకీ ఇంకా 59,000 ఉంది. అంటే బండి బూడిదైపోయాక కూడా బ్యాంకుకి 9,000 జేబులోంచి కట్టా. చెప్పిన అంకె మీద ప్రీమియం తీసుకున్నారు, ఇచ్చేటప్పుడు మాత్రం ఇంకో అంకె పట్టుకున్నారు. ఇది మోసం అని కోర్టుకెక్కడానికి లేదు, పాలసీలో రాసే ఉంది, పదకొండో పేజీలో. నా కోపం ఎక్కడంటే, ఫోన్‌లో అరగంట మాట్లాడిన మనిషి ఆ ఒక్క వాక్యం చెప్పలేదు.

కాబట్టి ప్రీమియం ఎంత అని అడిగేముందు, బండి మొత్తం పోతే ఏ పద్ధతిలో లెక్క కడతారు అని అడగండి. యాక్చువల్ క్యాష్ వాల్యూ అంటే తరుగు తీసేసి ఆ రోజుకి బజార్లో ఎంత పలికితే అంత, ఆర్వీలకి మొదటి రెండు మూడేళ్ళలో తరుగు ఘోరంగా ఉంటుంది. స్టేటెడ్ అమౌంట్ సంగతి పైన చెప్పా. అగ్రీడ్ వాల్యూ అంటే పాలసీ మొదట్లోనే మీరూ కంపెనీ ఒక అంకెకి ఒప్పుకుంటారు, బండి పోతే అదే ఇస్తారు, బేరాల్లేవు. స్టేటెడ్ అమౌంట్, అగ్రీడ్ వాల్యూ, ఈ రెండు పేర్లూ వినడానికి ఒకేలా ఉంటాయి, ఫోన్లో చెప్తే తేడానే తెలీదు, కాబట్టి మెయిల్‌లో రాయించుకోండి. నాలుగోది టోటల్ లాస్ రీప్లేస్‌మెంట్, కొత్త బండి కొన్నవాళ్ళకి, మొదటి కొన్నేళ్ళలో బండి పోతే అలాంటిదే కొత్తది ఇస్తారు, సాధారణంగా మొదటి ఓనర్‌కే ఇస్తారు. కొత్త బండి అయితే ఇది, పాతదైతే అగ్రీడ్ వాల్యూ, నా ఓటు వీటికే. నెలకి కొంచెం ఎక్కువ పడుతుంది, పడనివ్వండి. పొడుగు లోను ఉంటే గ్యాప్ కవరేజ్ కూడా అడగండి, లోను బాకీకీ ఇన్సూరెన్స్ ఇచ్చేదానికీ మధ్య తేడాని అది కడుతుంది, మా 9,000కి అదుండి ఉంటే చాలావరకు గట్టెక్కేవాళ్ళం.

ఇక రెండో విషయం, నాకు అన్నిటికంటే ముఖ్యంగా అనిపించేది. ఆర్వీని మనం బండిలా చూస్తున్నాం, కానీ అది రోడ్డు మీద ఉన్నంతసేపే బండి. క్యాంప్‌సైట్‌లో ఆపి, జాక్‌లు దించి, ఆనింగ్ పందిరి తెరిచి, నీళ్ళ పైపు తగిలించిన క్షణం నుంచి అది ఇల్లు. చీకట్లో పక్క సైట్ పిల్లాడు మన పైపు తట్టుకుని పడి చెయ్యి విరగ్గొట్టుకున్నాడనుకోండి, అది యాక్సిడెంట్ కాదు, బండి నడవట్లేదు కదా, కారు పాలసీలో ఉండే లయబిలిటీ (మనవల్ల ఎదుటివాళ్ళకి జరిగే నష్టానికి కట్టేది) దానికి పలక్కపోవచ్చు. దానికోసమే వెకేషన్ లయబిలిటీ అని వేరే ఉంటుంది, చాలా పాలసీల్లో 10,000 డాలర్లతో మొదలవుతుంది. ఇక్కడ ఆసుపత్రి బిల్లుల గురించి తెలిసినవాళ్ళకి 10,000 ఎన్ని గంటలకి సరిపోతుందో నేను చెప్పక్కర్లేదు. పెంచుకోండి, పెంచడానికయ్యే ఖర్చు చాలా తక్కువ.

రోడ్డు మీద లయబిలిటీ కూడా అంతే. స్టేట్ మినిమమ్ (స్టేట్ చట్టం అడిగే కనీస లయబిలిటీ) పెట్టుకుని తిరుగుతున్నవాళ్ళు మనలో చాలామంది ఉన్నారు. కాలిఫోర్నియాలో 2025 జనవరి 1 దాకా ఒక మనిషి గాయాలకి 15,000, యాక్సిడెంట్‌లో అందరి గాయాలకీ కలిపి 30,000, ఆస్తి నష్టానికి 5,000, అంతే, ఆ రోజు నుంచి పెంచాక అవి 30,000, 60,000, 15,000 అయ్యాయి. డీజిల్ పుషర్ (వెనక డీజిల్ ఇంజన్ ఉండే, బస్సులాంటి బండి) లాంటి పెద్ద క్లాస్ ఏ బండి ముప్పై వేల పౌన్లు పైనే ఉంటుంది, అది వెనకనుంచి ఒక ఎస్‌యూవీని గుద్దితే ఆ 15,000 ఆ కారు బంపర్‌కీ డిక్కీకే అయిపోతుంది. మిగతాది మన ఇల్లు, మన జీతం మీద పడుతుంది. అంబ్రెల్లా పాలసీ (కింది పాలసీల లయబిలిటీ అయిపోయాక పైన ఆదుకునేది) ఉంది కదా అనుకునేవాళ్ళు ఒకటి చూసుకోండి, అంబ్రెల్లా పలకాలంటే కింద ఉన్న ఆర్వీ పాలసీలో వాళ్ళు అడిగినంత లయబిలిటీ ఉండాలి, ఆర్వీ కొన్నట్టు వాళ్ళకి చెప్పి ఉండాలి.

ట్రైలర్ వాళ్ళు, ఫిఫ్త్ వీల్ (పికప్ తొట్టిలో తగిలించి లాగే పెద్ద ట్రైలర్) వాళ్ళు వేరే భ్రమలో ఉంటారు. "నా పికప్‌కి ఫుల్ కవరేజ్ ఉంది, వెనక తగిలించింది కూడా అందులోకే వస్తుంది" అని. సగమే నిజం. తగిలించి లాగుతున్నప్పుడు ఎదుటివాళ్ళకి జరిగే నష్టానికి పికప్ లయబిలిటీ పనిచేస్తుంది, ట్రైలర్‌కి జరిగే నష్టానికి మామూలుగా సెంటు కూడా రాదు. హిచ్ ఊడదీసి సైట్‌లో పెట్టాక అసలు ఆ పాలసీకి దీనికీ సంబంధమే ఉండదు. ట్రైలర్‌కి దాని పాలసీ దానికి ఉండాల్సిందే.

నీళ్ళు. దీనిమీద ఎంత రాసినా తక్కువే. ఆర్వీలని నాశనం చేసేది యాక్సిడెంట్ల కంటే నీళ్ళే అని నా అభిప్రాయం, రిపేర్ షాపుకెళ్ళి ఏ మెకానిక్‌ని అడిగినా అదే అంటాడు. కప్పు మీద వెంట్ల చుట్టూ, అంచుల వెంట తెల్లగా సీలెంట్ పూసి ఉంటుంది చూశారా, ఎండకి అది సన్నగా, వెంట్రుక మందాన పగులుతుంది. కింద నుంచి చూస్తే కనపడదు, నిచ్చెనెక్కి గోరుతో నొక్కితే తెలుస్తుంది. ఆ పగులులోంచి ఏడాదంతా కొంచెం కొంచెంగా నీళ్ళు దిగి ప్లైవుడ్ కుళ్ళిపోతుంది, ఒకరోజు బాత్రూం పక్కన కాలు పెడితే నేల మెత్తగా దిగుతుంది, గోడ బయట బుడగలా ఉబ్బుతుంది. అప్పుడు క్లెయిమ్ పెడితే అడ్జస్టర్ తేమ మీటర్ పెట్టి చూసి ఇది నెలల తరబడి జరిగింది, మెయింటెనెన్స్ లోపం, కవర్ కాదు అంటాడు. చెట్టుకొమ్మ పడి కప్పు చిరిగి నీళ్ళొస్తే కవర్, మెల్లగా ఊరితే కాదు. ఎలుకలు వైర్లు కొరికినా చాలా పాలసీల్లో ఇదే కథ. కొన్ని కంపెనీలు కప్పుకి అరుగుదల కూడా చూసుకునే కవరేజ్ విడిగా అమ్ముతాయి, బండి కొత్తగా ఉన్నప్పుడే అడగాలి. ఏదేమైనా ఆరు నెలలకోసారి కప్పెక్కి ప్రతి వెంట్‌కీ ఫోటో తీసి పెట్టుకోండి. మెయింటెనెన్స్ చెయ్యలేదు అన్నప్పుడు మీ చేతిలో చూపించడానికి ఏదో ఒకటి ఉండాలి.

టైర్లు కూడా చూడండి, ట్రెడ్ చూసి మోసపోవద్దు. ఆర్వీ ఏడాదిలో పది నెలలు నిలబడే ఉంటుంది, ట్రెడ్ అరగకముందే రబ్బరు ముసలిదవుతుంది. టైరు పక్కన డాట్ (DOT) అని రాసున్న చోట చివరి నాలుగు అంకెలు చదవండి, 2319 అని ఉంటే 2019లో 23వ వారంలో తయారైందని. హైవే మీద పేలితే ఆ రబ్బరు ముక్క కొరడాలాగా తిరుగుతూ వీల్ వెల్, నేల, గొట్టాలు అన్నీ చీల్చేస్తుంది. పేలిన టైరుకి మామూలుగా డబ్బులివ్వరు, అది చీల్చిన బండికి కొలిజన్ (గుద్దుకున్నప్పుడు మన బండికి జరిగే నష్టానికి కట్టేది) లాంటి కవరేజ్ ఉంటే ఇస్తారు, అదీ పాలసీని బట్టి. రోడ్‌సైడ్ అసిస్టెన్స్ కూడా పెద్ద బండిని లాగే ట్రక్కు పంపిస్తుందా, ఎంత దూరం లాగుతుంది అని అడగండి, కారుకి తీసుకున్న ప్లాన్ ఇక్కడ పనికిరాదు.

రిటైరయ్యాక అందులోనే ఉండిపోదాం అనుకుంటున్న పెద్దవాళ్ళు కూడా మనలో పెరుగుతున్నారు. మీకు ఫుల్ టైమర్ పాలసీ కావాలి, అది ఇంటి ఇన్సూరెన్స్‌కి దగ్గరగా ఉంటుంది. ఏడాదిలో సగం పైనే అందులో ఉంటూ వీకెండ్‌కి వాడుతున్నాం అని రాయించి నాలుగు డాలర్లు మిగుల్చుకోకండి, క్లెయిమ్ రోజున మొదట తవ్వేది అదే. బండి ఎక్కడ పెడతారు, ఎవరు నడుపుతారు, అద్దెకిస్తారా, అన్నీ ఉన్నదున్నట్టు చెప్పండి. అద్దెకిచ్చే యాప్‌లలో పెడదామనుకునేవాళ్ళు మరీనూ, మామూలు పర్సనల్ పాలసీ అద్దెకిచ్చిన రోజుల్లో పనిచెయ్యదు.

చలికాలంలో స్టోరేజ్‌లో పెట్టినప్పుడు లయబిలిటీ, కొలిజన్ ఆపేసి కాంప్రెహెన్సివ్ (దొంగతనం, మంటలు, వడగళ్ళ లాంటివాటికి కట్టేది) మాత్రం ఉంచే ఆప్షన్ ఉంటుంది, మంచిదే, కానీ ఆ టైంలో పక్క వీధిలో సర్వీసుకి కూడా నడపకూడదు. లోను ఉంటే మామూలుగా బ్యాంకు ఒప్పుకోదు కూడా.

అద్దెకి తీసుకునేవాళ్ళకి. రెండు కుటుంబాలు కలిసి ఒక ఆర్వీ తీసుకుని నేషనల్ పార్కులు చుట్టొద్దాం అని ప్లాన్ చేస్తాం, కౌంటర్ దగ్గర ఇన్సూరెన్స్ వద్దండీ క్రెడిట్ కార్డు చూసుకుంటుంది అంటాం. చాలా కార్డులు రెంటల్ కవరేజ్‌లో ఆర్వీలని తీసేశాయి. కారు పాలసీ కూడా అద్దె మోటర్‌హోమ్‌కి వర్తిస్తుందన్న నమ్మకం లేదు, ముందే ఫోన్ చేసి రాతలో తీసుకోండి. పైగా చాలా రెంటల్ ప్లాన్లలో కప్పుకీ, కింద భాగానికీ తగిలే దెబ్బలు మనవే. బండి ఎత్తు పదకొండు పన్నెండు అడుగులుంటుంది, కారు అలవాటులో గ్యాస్ స్టేషన్ షెడ్డు కిందకో డ్రైవ్ త్రూలోకో దూర్చేస్తే కప్పు మీద ఏసీ లేచిపోతుంది, ఆ బిల్లు మనదే. ఎత్తు ఎంతో కాగితం మీద రాసి స్టీరింగ్ ముందు అంటించుకోండి.

మెక్సికో బోర్డర్ దాటాలంటే అక్కడి కంపెనీ పాలసీ కొనాల్సిందే, మన లయబిలిటీని వాళ్ళు గుర్తించరు.

ఇదంతా తమ్ముడికి ఫోన్లోనే గంటసేపు చెప్పా, పాపం విన్నాడు. డీలర్ దగ్గర ఇన్సూరెన్స్ కాగితం చూపిస్తేగానీ తాళాలివ్వరు, ఆ కంగారులో ఏది దొరికితే అది తీసుకుంటాం, నేను చేసింది అదే, కాబట్టి సంతకం ముందే తేల్చుకోరా అన్నా. ఇందాక మెసేజ్ పెట్టాడు, ఇది అగ్రీడ్ వాల్యూనా స్టేటెడ్ అమౌంటా అని ఏజెంట్‌ని అడిగితే "రెండూ ఒకటే సార్" అన్నాడట. మెయిల్‌లో రాసివ్వమంటే రేపు కనుక్కుని చెప్తా అన్నాడట. వాడు సంతకాలు శనివారానికి వాయిదా వేసుకుని వేరే రెండు చోట్ల కొటేషన్ అడిగాడు.