సవరణ: ఐటీఐలో తాపీపని నేర్చుకోవడానికి పది పాస్ అక్కర్లేదు

మొన్నటి పోస్టులో తాపీపని, వడ్రంగం, కరెంటు పని ఏది నేర్చుకోవాలన్నా ఐటీఐలో చేరడానికి పదో తరగతి పాసవ్వాల్సిందే అని రాశాను. అది తప్పు, సరిచూసుకోకుండా రాశాను.

ఐటీఐలో చెప్పే ఒకాయన ఫోన్ చేసి చెప్పాక కేంద్ర శిక్షణ విభాగం వాళ్ల సిలబస్ పుస్తకాలు తీసి చూశాను. పది పాస్, అదీ లెక్కలు, సైన్సుతో అడిగేది ఎలక్ట్రీషియన్, డ్రాఫ్ట్స్‌మన్ సివిల్ (కట్టడాల ప్లాన్లు గీసే పని) లాంటి వాటికి. మేసన్ (తాపీపని), కార్పెంటర్ (వడ్రంగం), వైర్‌మన్ (కరెంటు వైరింగ్) ట్రేడ్లకు ఎనిమిది పాసైతే చాలు. మొదటి రెండూ ఏడాది కోర్సులు, వైర్‌మన్ మాత్రం 2 ఏళ్లు.

పది తప్పిన పిల్లాడు నా పోస్టు చూసి ఇక దారి లేదనుకుని, ఏ సర్టిఫికెట్టూ లేకుండా నేరుగా మేస్త్రీ కింద కూలికి వెళ్లిపోతాడేమోనని నాకు టెన్షన్‌గా ఉంది, అందుకే పాత పోస్టు షేర్ చేసినవాళ్లు దీన్ని కూడా తప్పకుండా పంపండి.

ఇంకొకటి, హైదరాబాద్ న్యాక్‌లో (నేషనల్ అకాడమీ ఆఫ్ కన్‌స్ట్రక్షన్, కట్టడం పనులు నేర్పే సంస్థ) నేర్పే కొద్ది నెలల కోర్సులు వేరు. ఐటీఐ పూర్తిచేసి పరీక్ష పాసైతే వచ్చే ఎన్‌టీసీతో (నేషనల్ ట్రేడ్ సర్టిఫికెట్) వాటిని కలపొద్దు.