ఏజెంటు చెప్పిన ఇల్లు, ఏజెంటు చెప్పిన నేను

ఎరువుల కంపెనీలో లెక్కలు రాసే నాకు నిరుడు వేసవిలో నల్లగొండకు బదిలీ అయింది. రామగిరి చుట్టుపక్కల వీధుల్లో రెండు ఆదివారాలు టులెట్ బోర్డులు చదువుకుంటూ తిరిగి, వాటి మీదున్న నంబర్లలో ఐదింటికి ఫోన్ చేస్తే నాలుగింటిలో ఒకే గొంతు పలికింది. ఆ గొంతు గల మనిషే ఏజెంటు. క్లాక్ టవర్ సెంటర్‌కు దగ్గరలో ఒక జిరాక్స్ షాపు ముందు వేసిన ప్లాస్టిక్ కుర్చీ ఆయన ఆఫీసు, నడుముకు వేలాడే తాళంచెవుల గుత్తి ఆయన ఆస్తి. ఒక నెల కిరాయి తన కమీషన్ అనీ, ఇల్లు నచ్చినా నచ్చకపోయినా తిప్పి చూపించినందుకు పెట్రోలు ఖర్చు రెండు వందలనీ మొదటి నిమిషంలోనే చెప్పేశారు. ఆయన నాతో చెప్పిన మాటల్లో పొల్లుపోకుండా నిజమైనవి ఆ రెండేనని తెలుసుకోవడానికి నాకు రెండు నెలలు పట్టింది.

ఇల్లు మసక చీకట్లో చూపించారు. ద్వారం దక్షిణానికి ఉందేమని అడిగితే, వంటింటి కిటికీ ఉత్తరానికి ఉంది కదా, గాలి అటునుంచి వస్తున్నప్పుడు వాస్తు కూడా అటునుంచే వస్తుందన్నారు. ఫ్లోరైడ్ పేరు వింటేనే ఉలిక్కిపడే జిల్లా కనుక తాగునీటి సంగతి అడిగాను. ఆయన మాటలతో సరిపెట్టక నల్లా తిప్పి, ధారగా పడుతున్న కృష్ణా నీళ్లు చూపించారు. ఆ వీధికి నీళ్లు రోజు విడిచి రోజు అరగంట మాత్రమే వస్తాయనీ, నన్ను ఆయన సరిగ్గా ఆ అరగంటలోనే తీసుకొచ్చారనీ ఇంట్లో దిగిన తరువాత గాని అర్థం కాలేదు. గృహజ్యోతి పథకం ఉంది కనుక నెలకు 200 యూనిట్ల దాకా కరెంటు బిల్లు సున్నా అన్నారు. పథకం ఉన్నమాట వాస్తవమే గాని, మూడు పోర్షన్లకూ మీటరు ఒక్కటే కావడంతో ఆ 200 యూనిట్లు పదో తారీఖు దాటి బతికిన నెల నాకు గుర్తులేదు.

అడ్వాన్సు మూడు నెలలదన్నారు. నివాసపు ఇంటికి రెండు నెలల కిరాయికి మించి తీసుకోరాదని 2021లో కేంద్రం ఆమోదించిన నమూనా అద్దె చట్టంలో ఉందని, పత్రికలో చదివిన జ్ఞానాన్ని ప్రదర్శించాను. "ఆ చట్టం ఢిల్లీల ఉన్నది సార్, ఇల్లు నల్లగొండల ఉన్నది" అన్నారాయన. కేంద్రం చేసింది నమూనా మాత్రమే, దాన్ని చట్టంగా తెచ్చుకోవలసింది రాష్ట్రాలు కాబట్టి, ఆ జవాబులో తప్పు పట్టడానికి నాకేమీ దొరకలేదు. ఏడాదికి మించిన కిరాయి పత్రాన్ని 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం రిజిస్టర్ చేయించాలి గనుక, అందరూ చేసే పద్ధతిలోనే 11 నెలలకు ఒప్పందం రాశారు. ఖాళీ చేసేటప్పుడు రంగుల కోసం ఒక నెల కిరాయి పట్టుకుంటారన్న వాక్యం అందులో నా సంతకానికి సరిగ్గా పైనే ఉంది. లెక్కలు రాసేవాడినై ఉండీ దాన్ని నేను చదవలేదు.

కమీషన్ లెక్కపెట్టుకున్న తరువాత ఆయన గొంతు తగ్గించి ఒక్క మాట చెప్పారు. "మీద ఉండే ఓనర్లు పక్కా శాకాహారులు. జర జాగ్రత్త సార్. వాసన తగిలిందంటే తెల్లారి ఖాళీ చెయ్యమంటరు."

ఆ రోజు నుంచి మా ఇంట్లో కోడిగుడ్డు ఉడకాలన్నా ముందు కిటికీలు మూసుకునేవి, తరువాత అగరువత్తులు వెలిగేవి. కొన్నాళ్లకు గుడ్డు లేని రోజున కూడా అగరువత్తి వాసన తగిలితే పిల్లలకు ఆకలి వేయడం మొదలైంది. ఇంతలో, ఉపాధ్యాయుడిగా రిటైరైన మా ఓనరు గారు నన్ను "ఆఫీసర్ గారూ" అని ఎందుకు పిలుస్తున్నారో తెలిసింది. ఎరువుల కంపెనీ అన్న ముక్కను పట్టుకుని ఏజెంటు నన్ను వ్యవసాయ అధికారిని చేసి ఆయనకు అప్పగించారు. ఇల్లు ఎలాంటిదో నాకు చెప్పినట్టే, నేను ఎలాంటివాడినో ఇంటికీ చెప్పారన్నమాట. ఓనరు గారికి ఊరి బయట రెండెకరాల బత్తాయి తోట ఉంది. ఆకులు పసుపు పచ్చగా మారుతున్నాయని ఒక కొమ్మ తెచ్చి నా చేతికిచ్చారు. నేను దాన్ని వెలుతురుకేసి పట్టి, అటూ ఇటూ తిప్పి, "నీళ్లు కొంచెం తగ్గించి చూడండి" అన్నాను. అద్దెకు ఉన్నవాడు ఇంతకంటే ఏం చేయగలడు?

రెండో నెల చివరి శనివారం రాత్రి దేవరకొండ బస్సులో మా అత్తమ్మ దిగింది. ఆమె చేతిలోని గోనెసంచి తనంతట తానే కదులుతోంది. "టౌన్ల దొరికేదంత బాయిలర్ కోడే గద బిడ్డా, మనింటి పుంజును తెచ్చిన" అని మూతి విప్పబోతుంటే నా భార్య రెండు చేతులతో పట్టుకుంది. పుంజును బాత్‌రూములో బకెట్‌కు కట్టేసి, తెల్లవారేలోపు ఆఫీసులో ఎవరికైనా దానం చేయాలని తీర్మానించి పడుకున్నాం.

తెల్లవారడం గురించి పుంజుకు మాకంటే ముందే తెలుసు. నాలుగున్నరకు అది వేసిన మొదటి కూతకే మెట్ల మీద చెప్పుల చప్పుడైంది. తలుపు తీస్తే ఓనరు గారు. "కోడి కూసినట్లు వినబడింది" అన్నారు. "ఫోన్ అలారమండీ" అన్నాను. రెండో కూత వినబడగానే ఫోన్ తీసి, ఆయన చూస్తుండగానే అలారం ఆపేశాను. ఆపిన అలారం లోపలి నుంచి ఇంకాస్త గట్టిగా మూడోసారి కూసింది.

ఓనరు గారు నా ఫోన్ వైపు, బాత్‌రూము తలుపు వైపు చూసి, చివరికి పక్క పోర్షన్ల వాళ్లకు వినబడనంత మెల్లగా, "నాటుదేనా?" అని అడిగారు.

అవునన్నాను. ఆయన అక్కడే మెట్టు మీద కూర్చుండిపోయారు. కింద దిగబోయేది పరమ నిష్ఠగల శాకాహార కుటుంబమనీ, వాసన తగిలితే అడ్వాన్సు వెనక్కి తీసుకుని పోతారనీ ఏజెంటు వాళ్లకు చెప్పారట. మూడు పూటలా మా ఇంట్లోంచి వచ్చే అగరువత్తుల పరిమళం ఆ మాటకు సాక్ష్యం పలికింది. భార్యాభర్తలిద్దరూ ప్రతి ఆదివారం స్కూటర్ మీద పానగల్లులోని తమ్ముడి ఇంటికి వెళ్లి తిని, నోట్లో సోంపు వేసుకుని తిరిగి వస్తున్నారట. నేనూ ఉన్న నిజమంతా చెప్పేశాను, అధికారిని కాననీ, లెక్కలు రాస్తాననీ సహా. ఆయన చాలాసేపు ఆలోచించి, "అయితే తోట ఎండిపోతున్నది అందుకేనన్నమాట" అన్నారు.

మధ్యాహ్నం పైన ఓనరమ్మ మసాలా నూరుతుంటే, కింద అత్తమ్మ జొన్నరొట్టెలు చేస్తుంటే, మేమిద్దరం ఫోన్ స్పీకర్ పెట్టి ఏజెంటుకు ఫోన్ చేశాం. జరిగిందంతా చివరిదాకా విని, "అయితే ఇల్లు మారుతరా సార్? ప్రకాశం బజార్ దగ్గర మంచి పోర్షన్ ఉన్నది, మీకైతే సగం కమీషనే" అన్నారు. ఆ ఇంటి ఓనర్లు ఎలాంటివాళ్లని అడిగాను.

"పక్కా శాకాహారులు సార్."