శ్రీనాథ్ రెఫరీ జీవితం గురించీ రాయండి

భారత ఫాస్ట్ బౌలర్ జవగళ్ శ్రీనాథ్ మీద మీరు రాసిన వ్యాసం బాగుంది. కానీ 1999 కోల్‌కతా టెస్టును ఒక్క వాక్యంలో దాటేయడం నాకు నచ్చలేదు. పాకిస్థాన్ రెండో ఇన్నింగ్స్‌లో శ్రీనాథ్ 86 పరుగులే ఇచ్చి 8 వికెట్లు తీశాడు, మ్యాచ్ మొత్తం మీద 13. అయినా మనం ఓడిపోయాం. అంత కష్టపడి ఓడిన మనిషి గురించి నాలుగు మాటలైనా రాయాల్సింది కదండీ.

బెంగళూరులో ఉండే మా తెలుగువాళ్లకి మాత్రం ఆయన పేరు వింటే 1996 టైటన్ కప్ వన్డే టోర్నీయే గుర్తొస్తుంది. చిన్నస్వామి స్టేడియంలో ఆస్ట్రేలియా మీద 216 కొట్టాలి. సచిన్ 88కి అవుటయ్యేసరికి స్కోరు 8 వికెట్లకు 164. ఇక అయిపోయిందని మా ఇంట్లో టీవీ కట్టేయబోతే నాన్న ఒప్పుకోలేదు. శ్రీనాథ్, కుంబ్లే విడిపోకుండా 52 జోడించి గెలిపించారు! బౌలర్లిద్దరూ బ్యాటుతో నిలబెట్టిన మ్యాచ్ అది.

అన్నట్టు, రాష్ట్ర జట్లు ఆడే రంజీ ట్రోఫీలో ఆయన తొలి మ్యాచ్‌లోనే హ్యాట్రిక్ (వరుసగా మూడు బంతుల్లో మూడు వికెట్లు) తీసింది మన హైదరాబాద్ మీదే.

2003 ప్రపంచకప్ తర్వాత ఆట మానేసి, 2006 నుంచి మ్యాచ్ రెఫరీగా ఉన్నాడు. ఓవర్ రేటు (ఓవర్లు టైముకి వేస్తున్నారా లేదా), పిచ్ ఎలా ఉందో రిపోర్టు, ఆటగాళ్ల ప్రవర్తన అన్నీ చూడాలి. చాలా టెన్షన్ ఉన్న పని. దాని మీద రెండో భాగం రాయండి, ప్లీజ్.